బొమ్మను నిలిపిన చెయ్యి

మా గురువుగారు పోయారన్న కబురు మురమళ్ళ రేవులో పడవవాడు చెప్పాడు. అప్పుడు నేను మేకతోలు గీకుతున్నాను. కింద పెట్టిన కత్తిని ఆ పూట మళ్ళీ తీసుకోలేకపోయాను.

తోలుబొమ్మలాటలో ఆయన తెర వెనుక మనిషి. మీలో చాలామంది ఆయన ముఖం చూసి ఉండరు. ఆయన ఆడించిన నీడలను చూసి ఏడ్చి ఉంటారు. బొమ్మలకు నగల చిల్లులు పొడవడం నా పని. ఎన్ని చిల్లులుంటే అంత అందమని నమ్మి, మొదట్లో ఒక రాణి బుగ్గలను కూడా జల్లెడ చేశాను. ఆయన దాన్ని ఆముదపు దీపానికి అడ్డుపెట్టి చూసి, "ఆయ్, నగలు బాగున్నాయిరా. మనిషేదీ?" అన్నారు.

దుఃఖఘట్టంలో ఇతర ఆటగాళ్ళు బొమ్మను కుదిపి కుదిపి ఏడిపించేవారు. ఆయన కదలనిచ్చేవారు కాదు. అది తోలని చూసేవాళ్ళకు తెలుసనీ, ఊపినకొద్దీ తోలే గుర్తొస్తుందనీ, ఆపితే ఆ ఖాళీలోకి ఎవరి మనిషి వాళ్ళకు వచ్చి నిలబడతాడనీ చెప్పేవారు. "ఏడుపు మనది కాదురా. వాళ్ళకి చోటివ్వు."

ఉప్పెన తరువాత ఆ చోటంటే నాకు భయం పట్టుకుంది. చేపలు పట్టే ఇంటి ఇల్లాలొకామె, పెనిమిటి ధవళేశ్వరం ఆనకట్ట పనిలో ఉండగా, కొడుకును నీళ్ళకు పోగొట్టుకుని అన్నం మానేసింది. చెల్లెలు ఆమెను బలవంతాన ఆటకు తెచ్చింది. తల్లీబిడ్డలు విడిపోయే ఘట్టంలో ఆమె లేచి వచ్చి తెర మీద చెయ్యి వేసింది. నేను దీపం తగ్గించబోతే గురువుగారు తల అడ్డంగా ఊపారు. బిడ్డ బొమ్మను ఆమె అరచేతికి ఆనించి, తన చెయ్యి తిమ్మిరెక్కినా అలాగే పట్టుకున్నారు. మద్దెల దానంతటదే ఆగిపోయింది.

మర్నాడు ఆమె గంజి తాగిందని చెల్లెలు వచ్చి చెప్పింది. అది మొదలు మేము దగ్గరలో ఎక్కడ తెర కట్టినా ఆమె వచ్చేది. ఆటలు లేని వానాకాలంలో మళ్ళీ చిక్కి శల్యమయ్యేది.

మాలో ఆటగాడు పోతే, అతను తన చేత్తో కోసిన బొమ్మను గోదావరిలో విడవాలి. గురువుగారు తన చేత్తో కోసినది ఆ బిడ్డ బొమ్మ ఒక్కటే. దాన్ని పట్టుకుని ఏటి ఒడ్డుకు వెళ్ళేసరికి ఆమె అక్కడ నిలబడి ఉంది. ఒకసారి బిడ్డను తీసుకున్న నీటికే మళ్ళీ ఇవ్వడానికి నాకు చేతులు రాలేదు. ఆచారం తప్పితే తప్పనిమ్మని, ఉంచుకోమ్మా అని ఆమెకే ఇచ్చాను.

ఆమె దాన్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసింది.

"తోలని నాకు తెలుసండీ, బొమ్మలయ్యగారూ. మొదట్నించీ తెలుసు. ఆయన పట్టుకుంటే మావోడు వచ్చేవోడండీ. ఇప్పుడెవరు పట్టుకుంటారు?"

నేను పట్టుకుంటానని చెప్పవలసింది. చిల్లులు పొడవడమే వచ్చిన నా చేతుల సంగతి నాకు తెలుసు.

ఆమె నా చేతుల వైపు చూసింది. తరువాత తానే మోకాలి లోతుకు దిగి, పడుకోబెట్టినట్టుగా బొమ్మను నీటి మీద విడిచింది. అది వెల్లకిలా తేలుతూ సాగింది. కంటికి పొడిచిన చిల్లులోంచి గోదావరి ఉబికి వచ్చి, చెంప మీదుగా జారి, మళ్ళీ ఉబుకుతూ ఉంది.