రెండో మనిషి ఎక్కడ?

శుక్రవారం ఉదయం స్కేట్ల తాళ్ళు బిగించుకుంటుంటే సౌదీలోనే ఉన్న యాన్బు ఊరి నుంచి ఫోన్ వచ్చింది. మా కోచ్ సార్ నిద్రలోనే పోయారట. చెప్పింది ఆయనతో ప్లాంటులో పనిచేసే ఇంజనీరు. "మీ దగ్గరికి బయల్దేరాలని రాత్రే బ్యాగు కార్లో పెట్టుకున్నారండీ. పొద్దున్న తలుపు కొడితే పలకలేదు" అన్నాడు. జెద్దా మాల్‌లోని ఐస్ రింకు మీద మా జట్టు అమ్మాయిలు ఆయన కోసం ఎదురుచూస్తూ గుండ్రంగా తిరుగుతున్నారు. వాళ్ళకు ఎలా చెప్పాలో తోచక, కట్టిన తాడునే మళ్ళీ విప్పి కట్టాను.

నేను కరీంనగర్ నుంచి వచ్చిన పళ్ళ డాక్టర్ని. ఇక్కడికి వచ్చేదాకా మంచుగడ్డను గ్లాసులో తప్ప చూడలేదు. సార్‌ది కాకినాడ. వయసులో చాలాకాలం కెనడాలో ఉండి, ఉద్యోగం మీద యాన్బు చేరారు. జెద్దాలో ఆడవాళ్ళ ఐస్ హాకీ జట్టు మొదలైందని విని, ప్రతి శుక్రవారం సముద్రం వెంట అంత దూరం కారు నడుపుకుంటూ వచ్చేవారు.

ఆయన ముందుగా నేర్పింది గోల్ కొట్టడం కాదు, ఫోర్‌చెక్. ఎదుటి జట్టు పక్‌ను, అంటే కర్రతో కొట్టే ఆ రబ్బరు బిళ్ళను, తమ చివర నుంచి బయటికి తేకముందే, అక్కడికే వెళ్ళి అడ్డుకోవడం. మొదటి మనిషి పక్ ఉన్నవాళ్ళను గోడవైపు తరమాలి. పాస్ ఎటు రావచ్చో అక్కడ రెండో మనిషి ముందే ఉండాలి. మూడో మనిషి వెనక కాపు కాయాలి.

దీన్ని ఆయన ఖాళీ మంచు మీద చేయించేవారు. ఎదుటి జట్టు లేదు, పక్ కూడా లేదు. "అదిగో, గోడవారగా జారుకుంటోంది, చూడు డాక్టరమ్మా!" అని ఏమీ లేని మూలకు వేలు చూపేవారు. ఆయన కళ్ళు నిజంగానే ఎవరినో వెంబడించేవి. మొదట్లో నవ్వుకున్నాం. కొన్నాళ్ళకు మేమూ ఆ లేనివాళ్ళకు తగలకుండా పక్కకు తప్పుకోసాగాం.

ఎవరైనా ఒంటరిగా దూసుకుపోతే మాత్రం ఆయన గొంతు మారిపోయేది. "రెండో మనిషి ఎక్కడ?" అని అరిచేవారు. అది ఆటలో అరిచే అరుపులా ఉండేది కాదు.

ఒకసారి వాన పడ్డ రోజు, హాల్లో తేమ లాగే యంత్రం పాడై మంచు మీద తెల్లటి పొగ లేచింది. చెయ్యి చాస్తే వేళ్ళు కనిపించలేదు. సార్ ఆట ఆపి, అందరినీ ఉన్నచోటే నిలబడమన్నారు. నిలబడ్డాం. అయినా అవతలి మూల ఎవరివో స్కేట్లు గీసుకుంటూ పోయాయి. ఆగి, మళ్ళీ కదిలాయి.

పొగలో తడుముకుంటూ గట్టుకు చేరి, "సార్, మీరు మంచు మీదికి దిగిన్రా?" అన్నాను.

ఆయన కాళ్ళకు మామూలు బూట్లే ఉన్నాయి. "లేదమ్మా" అన్నారు. పొగలో ఆ మూలకే చూస్తూ, "మీకూ వినపడిందా?" అన్నారు.

అప్పుడు చెప్పారు. కెనడాలో ఆయన రూమ్మేట్, గడ్డకట్టిన చెరువు మీద ఆడుతూ, దూరంగా పోయిన పక్ కోసం ఒక్కడే వెళ్ళాడట. "నేను చేరేసరికి మంచు పగిలి నీళ్ళు కనపడుతున్నాయి, పక్కన వాడి కర్ర మాత్రం ఉందమ్మా మంచు మీద. అది తిరుగుతూనే ఉంది." అంతే, మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఫోన్ వచ్చిన ఆ ఉదయం ఎవరూ ఇంటికి వెళ్ళలేదు. మా గోల్‌కీపర్, సౌదీ అమ్మాయి, కళ్ళు తుడుచుకుని "యల్లా, పదండి, ఆయన చేయించినట్టే చేద్దాం" అంది. చేశాం. కానీ ఖాళీ మూల ఆ రోజు ఉత్త ఖాళీగానే కనిపించింది. తప్పుకోవడానికి ఎవరూ లేరు. నాకు నిజంగా భయం వేసింది అప్పుడే.

ఇప్పుడు కొత్తగా వచ్చేవాళ్ళకు ఫోర్‌చెక్ నేనే నేర్పుతున్నాను. ఎలాగో అలా నేర్చుకుంటున్నారు.

పోయిన వారం నేల మరమ్మతుకని రింకు మంచు కరిగించారు. చూడ్డానికి వెళ్ళాను. మడమలోతు నీళ్ళు. మంచు కింద వేసిన నీలం గీత ఊడి, ముక్కలై, తేలుతోంది. గాలి లేదు, మనుషులు లేరు. సార్ వేలు చూపే అవతలి మూల నుంచి ఒక సన్నటి అల బయల్దేరి, ఆ నీలం ముక్కలను పక్కకు జరుపుకుంటూ, తిన్నగా నా కాళ్ళ దాకా వచ్చి ఆగింది.