సున్నా వేసిన చోట

తెలంగాణ రావడానికి రెండు మూడేళ్ల ముందు, గోదావరిఖనిలో మా నాన్నకు బొగ్గు కంపెనీ ఇచ్చిన క్వార్టర్ ముందు గదిలో పాత కంప్యూటర్ పెట్టుకుని పరిశోధన చేసేదాన్ని. ఎవరైనా అడిగితే మా అమ్మ, "ఏం జేస్తది, కూసొని చుక్కలు లెక్కపెడ్తది" అనేది. అబద్ధం కాదు. ఉపగ్రహం తీసిన ఆకాశపు పరారుణ చిత్రాల్లో, అంటే కంటికి ఆనని వేడి వెలుగు చిత్రాల్లో, మసక చుక్కల్ని ఏరి పట్టిక రాయాలి.

ఒక్కో చుక్కను నాలుగు చిత్రాల్లో వెతికి, దాని వెలుగెంతో అంకె వేయాలి. కనపడని చోట సున్నా వేశాను. యూనివర్సిటీలో మా సార్ పట్టిక మొత్తం తిప్పి పంపారు. "సున్నా అని నీకెవరు చెప్పారు? నెలలో సరిచెయ్యకపోతే ఈ పని ఇంకొకరికిస్తాను" అన్నారు. ఒళ్లు మండింది. రెండేళ్ల చాకిరీ! కనపడనిదానికి సున్నా కాక ఇంకేం వేస్తారు?

బాపు, అంటే మా నాన్న, బొగ్గు గనిలో భద్రత చూసే సర్దార్. బొగ్గు తనంతట తానే రాజుకున్న భాగాన్ని గోడ కట్టి మూసేస్తారు. ఆ గోడలు తిరిగి చూసి, రిపోర్టు రాసి కింద సంతకం పెట్టడం ఆయన పని. మొదటి షిఫ్టు నుంచి వచ్చి అన్నం తింటుంటే ఎదురుగా కూర్చుని సార్‌ని తిట్టాను.

"నిప్పు లేదని నేనెన్నడు రాయలే బిడ్డా," అన్నాడు. "చెయ్యి పెట్టి చూసిన, నా చేతికి వేడి తెల్వలే అని రాస్త. గోడవతల ఏమున్నదో నాకేం ఎరుక?"

"రెండూ ఒకటే గదా బాపు?"

"ఎట్లయితది? లేదని రాస్తే మళ్ల ఎవ్వడు చూడడు. నమ్మి పనికి పోతరు."

నాకు సిగ్గేసింది. కనపడలేదంటే చుక్క లేదని కాదు, అంత మసక చుక్కను ఆ చిత్రం పట్టలేకపోయిందని. చిత్రం ఎంత మసక వెలుగు వరకు పట్టగలదో ప్రతిచోటా కొలిచి, సున్నాకు బదులు 'ఇంతకంటే తక్కువ' అని రాయాలి.

మొదటి వరస నుంచి మళ్లీ పట్టాను. మేనమామ కూతురి పెళ్లికి పోలేదు, అత్త ఇప్పటికీ దెప్పుతుంది. ఒకరోజు విసుగెత్తి పేజీ మొత్తానికి ఒకే అంకె వేసి లేచాను. మర్నాడు మనసొప్పక అంతా చెరిపి, ఒక్కొక్కటే కొలిచాను.

పంపే ముందు ప్రింటు తీస్తే బాపు అద్దాలు పెట్టుకుని వేలితో వరసలు తడిమాడు.

"అన్ని నువ్వే చూసినవా?"

"అన్నీ నేనే."

"ఊకె రాసింది ఒక్కటి సుత లేదు?"

"లేదు బాపు."

"మరి సంతకమేది?"

ఇలాంటి పట్టికలకు సంతకాలుండవని చెప్పబోయాను. ఆయన అప్పటికే జేబులోంచి పెన్ను తీసి పట్టుకున్నాడు. ప్రతి పేజీ కిందా సంతకం పెట్టాను.