తువ్వాలు మీద వంచిన నీళ్లు

బెళుగుప్ప దాటాక బస్సు చెడిపోయింది. మిట్టమధ్యాహ్నం, చుట్టూ ఒక్క చెట్టు లేదు. చేతిలోని చిన్న సీసాను నిమిషానికోసారి ఎత్తి చూసుకుంటున్నాను.

"ఏమ్మా, అంత కుదురులేకుండా ఉండావు? ఏముండాది దాంట్లో?" అంది పక్కసీటు పెద్దావిడ.

"నా పరిశోధనకు చేసిన ఐరన్ ఆక్సైడ్ రేణువులు. కంటికి కనపడనంత చిన్నవి. అయస్కాంతం దగ్గరుంటే దానివైపు తిరుగుతాయి, తీసేస్తే అంతా మరిచిపోతాయి. ఈ వేడికి ముద్దకడితే ఆ గుణం పోతుంది, నా కష్టమూ పోతుంది."

ఆమె తన దగ్గరున్న కాసిన్ని నీళ్లూ తువ్వాలు మీద వంచి, దాన్ని సీసాకు చుట్టింది.

"మరి మీకు?"

"నా దప్పికకంటే నీ గుబులే పెద్దగుండాది."

వేరే బస్సొచ్చేసరికి ఆమె పెదవులు ఎండిపోయాయి. ల్యాబులో చూస్తే రేణువులు ముద్దకట్టలేదు.

అప్పటినుంచి ఎక్కడికెళ్లినా రెండు సీసాల నీళ్లు మోస్తాను.