పన్నెండు చుక్కలు

మా సారు పోయారని ఆదివారం పొద్దున ఫోనొచ్చింది. హిందూపురంలో నా పరిశోధనకు గైడు ఆయన. పెనుకొండలో వాళ్ళింటికి వెళ్ళి కడసారి చూసొచ్చాను. అప్పటినుంచి ఒకచోట కుదురుగా కూర్చోలేకపోతున్నాను. ఒక్క దుఃఖమే అయితే ఎలాగో ఏడ్చి ఊరుకునేదాన్ని. ఆయన చెప్పిన పని ఒకటి చేయకుండా ఉండిపోయాను.

ధర్మవరంలో మగ్గం నేసే ఆడవాళ్ళ బతుకు గురించి నా పరిశోధన. టిక్కులు పెట్టించుకుంటే సరిపోదు, వాళ్ళ మాటల్లోనే వినాలి. నేను మహా తెలివిగా ఆన్‌లైన్ ఫారం చేసి వాట్సాప్‌లో పంపాను. పన్నెండు ప్రశ్నలు, పన్నెండు ఖాళీ పెట్టెలు. ఎవరూ దాటేయకుండా అన్నీ తప్పనిసరి చేశాను. ఒకామె పన్నెండింటిలోనూ ఒక్కో చుక్క పెట్టి పంపింది. పేరు అడగలేదు కాబట్టి ఎవరో తెలియదు.

"ఇది తీసేస్తాను సార్, ఏమీ రాయలేదు" అన్నాను.

సారు కళ్ళద్దాలు నుదుటిమీదికి తోసుకున్నారు. మాట నచ్చకపోతే అదే ఆయన అలవాటు.

"చెప్పేకి ఏమీ లేకుంటే మొదటి పెట్టెకాడనే మూసేసి పోయుండును కదమ్మా! కడదాకా వచ్చిండాది. రాసేకి చేతకాలేదో, పక్కన ఎవురన్నా ఉండారో. తప్పనిసరి అని నువ్వు బెదిరిస్తివి, ఆయమ్మ ఏం చేస్తాది?"

ఆ తప్పనిసరి ఆయనే తీయించారు. రాయడం కష్టమైతే ఈ నంబరుకు మిస్డ్ కాల్ ఇవ్వండి అని కింద ఒక మాట చేర్పించారు. అందరికీ మళ్ళీ పంపితే, ఒక్కటే మిస్డ్ కాల్ వచ్చింది. చుక్కలు పెట్టిన ఆమేనో కాదో!

నేను తిరిగి ఫోను చేయలేదు. తీరిక లేదని చెప్పుకున్నాను గానీ, నిజానికి భయం. ఫారంలో అడగడం సులువు. గొంతు వినబడితే ఏమడగాలి? సారు కనబడినప్పుడల్లా "చుక్కలామె మాట్లాడిందేమ్మా?" అనేవారు. ఆస్పత్రి మంచంమీద కూడా అదే అడిగారు. "చేస్తాను సార్" అన్నాను. నామీద నాకే కోపం.

నిన్న ఆయన పాత విద్యార్థులెవరో ఒక ఫారం పంపారు. సారుతో మీ జ్ఞాపకం రాయండి, తప్పనిసరి. రాశాను, చెరిపాను, మళ్ళీ రాశాను. చివరికి ఒక చుక్క పెట్టి పంపేశాను.

వెంటనే ఆ మిస్డ్ కాల్ నంబరు వెతికి ఫోను చేశాను. చాలాసేపు మోగింది. ఎత్తగానే మగ్గం చప్పుడు, దాని మధ్య ఒక ఆడగొంతు.

"ఎవురు?"

"ఫారం పంపినదాన్నమ్మా. చాలా ఆలస్యం చేశాను."

"ఉండమ్మా, ఈడ వద్దు" అంది మెల్లగా.

మగ్గం చప్పుడు దూరమవుతూ వచ్చింది. తర్వాత తలుపు మూసిన చప్పుడు వినిపించింది.