గాదెలో వేసిన ఈల

అక్పెనె ఘనకార్యాల్లో మొదటిది, వరి పాలు పోసుకునే నెలలో ఈల వేసి కూడా చేను పడకుండా, తాను మాట పడకుండా నెగ్గుకురావడం. ఆ తరువాత ఆమె గొంతు యంత్రాల్లోకి ఎక్కింది, రాజధాని విశ్వవిద్యాలయం నుంచి పిలుపు వచ్చింది, అడుక్పో కొండ మీద పుట్టిన ఆడమనిషి పెద్ద చదువుల పిల్లల ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది. అన్నీ గొప్పవే. కానీ మొదటిది గెలవకపోతే మిగతావేవీ లేవు.

అడుక్పో మాటకు మెట్లున్నాయి. అదే మాట గొంతు ఎత్తి అంటే ఒక అర్థం, దించి అంటే మరొకటి. మాటను మింగేసి మెట్లను మాత్రం ఈలగా వేసినా అవతలి కొండ మీది మనిషికి అర్థమవుతుంది. వేటగాళ్లు అలాగే మాట్లాడుకునేవారు. అక్పెనె తండ్రి వేటగాడు. కొడుకులు లేరు గనుక ఉచ్చుల దగ్గరికి ఈ పిల్లనే తీసుకువెళ్లేవాడు. తండ్రీకూతుళ్లు లోయకు ఆ దరినొకరు, ఈ దరినొకరు నిలబడి, ఇంట్లో పులుసులో ఉప్పెక్కువైందని ఈలల్లో చెప్పుకుని నవ్వుకునేవారు. ఇంటి దగ్గర తల్లికి అది వినబడేది. రాత్రికి ఇద్దరికీ పులుసు ఉండేది కాదు.

ఆ తండ్రి పోయిన చాలా ఏళ్లకు, మొన్న ఆగస్టులో డాక్టర్ యాయ్‌రా కొండెక్కి వచ్చింది. మైదానపు మనిషి, భాషల ధ్వనులు చదివిన మనిషి. మా పిల్లలకు మొదటి వాచకం తయారు కావాలి. అందుకు ఈ మాటకు మెట్లెన్నో తేల్చాలి. ఆమె చెవికి మూడే దొరికాయి.

"నాలుగమ్మా," అంది అక్పెనె, పొయ్యి మీద చేపలకు పొగపెడుతూ. "కింది మెట్టుకీ నడిమి మెట్టుకీ మధ్యన ఇంకోటుంది. మా నాన్న పేరు దానిమీదే ఉంది. మూడే అని అచ్చేస్తే రేపు పిల్లలు ఆయన్ని ఇంకెవడి పేరుతోనో పిలుస్తారు."

"నువ్వన్నావని రాయలేనక్కా, రుజువు కావాలి. ఒక్కో మాట అను, వెంటనే దాన్నే ఈల వెయ్యి. యంత్రం మెట్టు గీసి చూపిస్తుంది."

అక్పెనె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఇప్పుడా! వరి పాలు పోసుకుంటోంది తల్లీ!"

వరి ఈనిన నాటి నుంచి చివరి కట్ట కోసేదాకా అడుక్పోలో ఎవరూ ఈల వేయరు. ఈల వింటే గాలి వస్తుంది, గాలి వస్తే చేను పడుతుంది. యాయ్‌రా నవ్వి, "ఇంత మాత్రానికేనా?" అంటూ గుమ్మం దాటి చేను గట్టు మీద ఒక ఈల వేసి చూపించింది.

ఆ సాయంత్రం గాలి లేచింది. ఊరి పెద్ద తొగ్బె లెట్సా చేను మూల ఒరిగిపోయింది.

"చదువు బాగానే ఉంది," అన్నాడు తొగ్బె. "ఒక్క ఈలకి నా మూల పోయింది. రెండో ఈలకి నేను పోతానేమో! కోడిపెట్ట తెచ్చి తప్పు చెల్లించు."

యాయ్‌రా కోడిపెట్టను ఇచ్చుకుంది. సంత రోజున జీపు వస్తుంది, ఆమె వెళ్లిపోతుంది. రుజువు లేకపోతే మూడు మెట్లతోనే వాచకం అచ్చుకు పోతుంది. కోతలు అయ్యేదాకా ఆగే వీలు లేదు.

కూత బయటికి పోకుండా ఉంటుందేమోనని అక్పెనె ముందు ఖాళీ నీళ్లకుండలో తలపెట్టి చూసింది. ఈల కాదు, ఊరికే ఒక మాట అంది. అది కుండలో గిరగిరా తిరిగి బావిలో కప్పలా బయటికొచ్చింది. యాయ్‌రా నవ్వాపుకోలేక యంత్రం కట్టేసింది.

మర్నాడు దంచడానికి వరి తెద్దామని అక్పెనె గాదెలోకి దూరింది. నాలుగు గోడల వెంటా నిరుటి కంకుల కట్టలు పైకప్పు దాకా ఉన్నాయి. "చేట తేవే!" అని చెల్లెల్ని కేకేసింది. జవాబు లేదు. ఇంకా గట్టిగా కేకేసింది. బయటికి వచ్చి చూస్తే చెల్లెలు గడపలోనే కూర్చుని జడ వేసుకుంటోంది.

"పిలిచావా? నాకేం వినబళ్లేదే."

అక్పెనె చేట మాట మరిచిపోయి తొగ్బె ఇంటికి పరుగెత్తింది.

"తొగ్బే, కోసిన వరి పడిపోతుందా?"

"కోసింది ఎక్కడ పడుతుందే, నా తలకాయ!"

"మరి గాదెలో గాలి దూరుతుందా?"

"గాలి దూరితే ఎలకలూ దూరేవి."

"అయితే గాదెలో ఈల వేస్తే ఎవరికి నష్టం?"

తొగ్బె గడ్డం గోక్కున్నాడు. "నువ్వు మీ నాన్న కూతురివే. సరే, గోడకి చెవి పెట్టి నేను కూర్చుంటా. చిన్న కూత వినబడినా రెండు పెట్టలు."

లోపల ఇద్దరాడవాళ్లు, మధ్యలో యంత్రం. అక్పెనె 'నిప్పు' అంది, ఈల వేసింది. 'చేప' అంది, ఈల వేసింది. యాయ్‌రా ఇన్నాళ్లూ ఒకటే ఎత్తనుకున్న రెండు మాటలు తెర మీద రెండు గీతలై విడిపోయాయి. చివరికి అక్పెనె తండ్రి పేరు అంది. ఈల ఒకపట్టాన రాలేదు. నీళ్లు తాగి మళ్లీ వేసింది. ఆ గీత కింది దాన్నీ తాకలేదు, నడిమిదాన్నీ తాకలేదు. తన మెట్టు మీద తాను నిలబడింది.

"నాలుగక్కా!" అని యాయ్‌రా ఆమెను వాటేసుకుంది.

బయటికొచ్చి చూస్తే తొగ్బె గోడకు చెవి పెట్టుకునే గురక పెడుతున్నాడు. అంతకు మించిన తీర్పు ఇంకేం కావాలి?

వాచకం నాలుగు గుర్తులతో అచ్చుకు వెళ్లింది. వేటగాడి పేరు అందులో మూడో పాఠంలో ఉంది. వినడం నేర్పడానికి రమ్మని అక్పెనెకు విశ్వవిద్యాలయం వారు దారి ఖర్చులు పంపారు. ఆమె చేనుకు పిట్టల కాపలా చెల్లెలు చూస్తోంది, గొణుక్కుంటూనే.

అక్పెనె జీపెక్కే ముందు తొగ్బె ఆమెను ఆపాడు. "ఎన్నాళ్లయినా ఉండు. చివరి కట్ట కోసే రోజుకి మాత్రం ఇక్కడుండాలి. మొదటి ఈల వేసి ఈల కట్టు విప్పేది ఈసారి నువ్వే. మగాళ్లు చాలా ఏళ్లు వేశార్లే."

చివరి కట్ట రోజు నిర్ణయమైంది. అక్పెనె వస్తున్నది నవంబరు పద్నాలుగు, శనివారం, పొద్దున బండికి.