జెండా గలేబు తీసింది నేను

మా బావ పోయాడు. బావ అంటే మా అక్క మొగుడు. మొన్నామధ్య ఒక గురువారం పొద్దున చాయ తాగి, గ్లాసు బోర్లించి, గోడకు ఒరిగి కూర్చున్నవాడు మళ్లీ లేవలేదని కల్వకుర్తి నుంచి అక్క కొడుకు ఫోను చేశాడు. తొంభై దాటిన మనిషి. ఎవరినీ దవాఖానల చుట్టూ తిప్పలేదు. అందుకని నేను పెద్దగా ఏడవలేదు. "గ్లాసు బోర్లించిండా?" అని మాత్రం అడిగాను.

"బోర్లించిండు చిన్నమ్మా" అన్నాడు వాడు.

అయితే మా బావే. కడదాకా మారలేదు.

ఏడుపు రాలేదు గాని దినాల నాడు కోపం వచ్చింది. అందరూ బంతిలో కూర్చుని తింటున్నారు. ఊరి పెద్దమనిషి ఒకాయన పప్పు కలుపుకుంటూ, "మనిషి మంచోడే. గని అత్తగారి ఊర్ల షోకు జేసెటందుకు ఖాళీ కారుకు జెండా ఎగరేసి, మంత్రి కారు నౌకరి పోగొట్టుకున్నడు" అని నవ్వాడు. పక్కవాళ్లూ నవ్వారు. అరవై ఏళ్లుగా ఇదే నవ్వు. నేను విస్తరి ముందు నుంచి లేచాను.

"ఎగరేసింది ఆయన గాదు. నోట్ల బువ్వ పెట్టుకొని అబద్ధం మాట్లాడకు" అన్నాను.

నేను చదువు రానిదాన్ని. చెప్తుంటే మనవరాలు రాస్తోంది. ఒక్క మాట తీసేసినా ఊరుకోనని దానికి ముందే చెప్పాను. ఆ రోజు బంతిలో ఉన్నవాళ్లే కాదు, లేనివాళ్లూ వినాలి. ఆయన మీద పడ్డ ఆ మాట పోవాలి.

నాగార్జునసాగర్ దగ్గర ఆనకట్ట కడుతున్న రోజులవి. మా బావ పాలమూరులో సర్కారు డ్రైవరు. మంత్రిగారు జిల్లాకు వచ్చినప్పుడల్లా ఎక్కే నల్లకారు ఆయన చేతిలో ఉండేది. కారు మూతి మీద చిన్న కడ్డీ, కడ్డీకి మూరెడైనా లేని మూడు రంగుల జెండా. మంత్రి లోపల కూర్చుంటేనే అది ఎగరాలి. ఆయన దిగగానే, మనం తలకింద మెత్తకు తొడిగినట్టు, దానికి తోలు గలేబు తొడగాలి. బావ తలుపు తీసి, సలాం కొట్టి, ఆ వెంటనే చేసే పని అదే. బీడీ అయినా, మంచినీళ్లయినా ఆ తర్వాతే.

"గంత తొందరేంది బావా, ఎవ్వలన్న ఎత్తుకపోతరా?" అని ఒకసారి అడిగాను.

"లోపల మనిషి లేకుంట జెండా ఎగిరితే బండి అబద్ధమాడినట్టు మరదలా. నేను అబద్ధమాడితే ఒకలికి తెలుస్తది. బండి అబద్ధమాడితే తొవ్వ పొడుగూత సలాం కొడతరు."

ఆ పద్ధతి ఇంట్లోనూ పెట్టాడు. ఖాళీ చెంబు బోర్లించాలి, లేకుంటే నీళ్లున్నాయని దూపతో ఉన్నవాడు చెయ్యి పెడతాడు. మంచం మీద నుంచి లేస్తే మంచం ఎత్తి నిలబెట్టాలి. "పెండ్లిచూపులకొచ్చిన నాడు మా ఇంట్ల గుమ్మి మూత తీసి, వడ్లు లేవు గదా, మూతెందుకని అడిగిండే గీ మనిషి" అని అక్క ఇప్పటికీ చెప్తుంది. మా నాయిన అప్పుడు సిగ్గుపడి, తర్వాత నవ్వి, పిల్లనిచ్చాడు.

మా ఊరు కల్వకుర్తికి రెండు కోసుల దూరం. అక్క పురుడుకు వచ్చి మా ఇంట్లో ఉంది. మంత్రిగారు కల్వకుర్తి బంగ్లాలో భోజనం చేసి పడుకున్న ఒకనాడు, ఆఫీసరును అడిగి, కొడుకును చూసుకోవడానికి బావ కారుతో వచ్చాడు. గొర్ల దొడ్డి పక్కన ఆపాడు. జొన్నరొట్టె, పుంటికూర తింటూ లోపల కూర్చున్నాడు. బయట ఊరంతా కారు చుట్టూ చేరింది.

పక్కింటామె చేతులు తిప్పుకుంటూ వచ్చింది. "గిది మంత్రి కారా? మంత్రి కారుకు జెండా ఉంటదట. గీడ కట్టెకు సంచి తొడిగిండ్రు. మీ బావ కిరాయికి తెచ్చినట్టున్నడే!"

ఆడవాళ్లంతా కిసుక్కుమన్నారు. నాకు ఇరవై ఏళ్లు కూడా లేవు. ఒళ్లు మండింది. "కండ్లు తెరిచి సూడు!" అని ఆ గలేబు ఒక్క గుంజు గుంజాను. గాలికి జెండా టపటపమంది. పక్కింటామె రెండడుగులు వెనక్కి వేసింది. అక్కడితో తొడిగేస్తే సరిపోయేది. నేను తొడగలేదు. బావ ఊరు దాటేదాకా అందరూ చూడాలని గలేబును రొండిలో దోపుకున్నాను.

బావ చెయ్యి కడుక్కొని వచ్చి చూశాడు. కారు చుట్టూ, కిందా వెతికాడు.

"గలేబేది?"

"నాకేమెరుక?" అన్నాను, అందరి ముందూ.

నా వైపు ఒక్కసారి చూశాడు. మళ్లీ అడగలేదు. పొద్దు పోతోంది, మంత్రి లేచే వేళయింది. జేబులోంచి దస్తీ తీసి జెండాకు చుట్టి ముడివేసి బయలుదేరాడు. ఆయనకు తెలియని సంగతి ఇంకొకటి ఉంది. అల్లుణ్ని ఉత్త చేతులతో పంపొద్దని మా అమ్మ, ఒక కోడిపెట్టకు కాళ్లు కట్టి వెనక సీటు కింద పెట్టింది.

ఊరు దగ్గర పడ్డాక గాలికి దస్తీ జారిపోయింది, బండి ఆపి కట్టేలోపే మంది ఎదురయ్యారు. మంత్రి వేరే దారిలో బంగ్లాకు చేరాడని తెలియక, కల్వకుర్తి పొలిమేరలో ఆయనకు అర్జీ ఇద్దామని కొందరు పెద్దలు దండలతో, డప్పులతో పొద్దటి నుంచి కాచుకున్నారు. జెండా చూశారు. డప్పులు మోగాయి. రోడ్డుకు అడ్డం నిలబడ్డారు. బావ "లేడు, లేడు" అని చెయ్యి ఊపుతుంటే అది సలాం అనుకొని ఒకాయన వెనక తలుపు తీసి, వంగి దండ చాచాడు. కట్టు తెంపుకున్న కోడి ఎగిరి బయట పడింది. దండ కోడి మెడలో పడిందని చెప్పేవాళ్లున్నారు. అది అబద్ధం. కోడి దండ మీదుగా దూకి పోయింది, అంతే.

మంత్రిగారు విని కడుపు పట్టుకొని నవ్వారట. ఆఫీసరు నవ్వలేదు. ఎవరు తీశారని అడిగితే మా బావ, "తొడుగుడు నేనే మరిచిన సార్" అన్నాడు. ఆ వారమే కారు తీసేసి, రోడ్డు పనుల నీళ్ల లారీ ఇచ్చారు. చివరిదాకా లారీలే నడిపాడు. నేను గుంజుడు చూసిన ఆడవాళ్లు, తమ ఎకసెక్కం బయటపడుతుందని ఎక్కడా నోరు విప్పలేదు.

నెల తర్వాత అక్కనూ బిడ్డనూ తీసుకుపోవడానికి వచ్చినప్పుడు, దొడ్డి వెనకకు పిలిచి గలేబు ఆయన చేతిలో పెట్టాను. ఏడుస్తూనే పెట్టాను. ఆయన నవ్వాడు.

"గా రోజే ఎరుక. దీని పట్టీ నీ రొండిల నుంచి యేలాడుతుండె."

"మరెందుకు గుంజుకోలే?"

"మంది ముందట గుంజుకుంటే నువ్వు మల్ల తలెత్తుకొని తిరుగుతువా? నాకేంది, కారు గాకుంటే లారీ. ఖాళీగ పోయే ఫికరే లేదు, ఎప్పుడు జూసినా నిండ నీళ్లే."

"అబద్ధమాడితివి గద బావా."

"నేను అబద్ధమాడితే ఒకలికి తెలుస్తదని చెప్పలేదా? గా ఒక్కదానివి నువ్వే. నేను బతికున్నన్నొద్దులు ఎవ్వలికి చెప్పకు" అని నా చేత ఒట్టు పెట్టించుకొని, గలేబు నాకే ఇచ్చాడు. ఆ తర్వాత ఎప్పుడు కనబడ్డా, "కోడి దొరికిందా మరదలా?" అనేవాడు. ముసలితనంలో పళ్లూడిపోయాక కూడా అదే మాట.

ఇప్పుడు ఒట్టు తీరింది. దినాల నాడు బంతిలో నిలబడి ఇదంతా చెప్పి, కొంగు ముడి విప్పి గలేబు చూపించాను. తోలు ముడతలు పడింది గాని చిరగలేదు.

పెద్దమనిషి చెయ్యి విస్తరిలోనే ఆగింది. "గట్లనా అవ్వా? మాకెవ్వలు చెప్పకపాయె."

"గిప్పుడు చెప్పిన గద. తిను."

అక్క గలేబు చేతిలోకి తీసుకొని, అటూ ఇటూ తిప్పి, "నాకు గూడ చెప్పలేదు సూడే, ముసలోడు" అని నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. గడప పక్కన ఆయన చేతికర్ర ఒరిగి ఉంది. అక్క దాన్ని చూసింది, నన్ను చూసింది. నేను లేచి వెళ్లి, కర్ర పైకొనకు గలేబు తొడిగాను. కొలిచి కుట్టినట్టు పట్టింది.

బయట గాలి లేచింది. పందిరి కింద ఖాళీ విస్తర్లు ఎగిరి పోతున్నాయి. కర్ర మాత్రం ముసుగు వేసుకొని తలుపు పక్కన కదలకుండా నిలబడి ఉంది.