జెద్దా ఎండలో హీటర్ ప్రకటన

మొన్న సౌదీలోని యాన్బు ఊళ్ళో మా కొత్త ఆఫీసులో, చాన్నాళ్ళుగా మూసి ఉంచిన గదిలో ఏసీ వేయగానే తడి దుమ్ము వాసన గుప్పుమంది. ఆ వాసనతో పాటే రజియా అక్క గుర్తొచ్చింది. జెద్దాలో నేను పనిచేసిన ఏసీ రిపేర్ కంపెనీ నిండా అదే వాసన. అక్కడ ఇంటర్నెట్ ప్రకటనలన్నీ ఆవిడే చూసేది, నేను ఆవిడ కింద పనిచేసేదాన్ని. ఆవిడది కడప, నాది కాకినాడ. పొద్దున్నే "ఏం పాపా, తిన్న్యావా?" అని ఆప్యాయంగా అడిగేది గానీ, పనిలో మహా గట్టి మనిషి. తప్పు చేస్తే మొహం మీదే కడిగేసేది. బాగా చేస్తే మాత్రం నోరు మెదిపేది కాదు. ఆవిడ మెప్పు కోసం నేను మొహం వాచిపోయేదాన్ని.

మా పని ఏమిటంటే, ఎవరింట్లోనో ఏసీ ఆగిపోతుంది, వాళ్ళు ఫోన్లో వెతుకుతారు, మా ప్రకటన పైన కనిపిస్తుంది. దాన్ని నొక్కితే చాలు, మమ్మల్ని పనికి పిలిచినా పిలవకపోయినా మా ఖాతాలోంచి కొంత డబ్బు పోతుంది. ఆ రోజుకి పెట్టిన డబ్బు అయిపోతే ప్రకటన మాయం. ఆ ఆగస్టులో, ఏసీ వాళ్ళకి పండగలాంటి ఎండల్లో, మా ప్రకటన పొద్దున్నే మాయమైపోవడం మొదలైంది. నొక్కేవాళ్ళు నొక్కుతూనే ఉన్నారు, ఫోన్ చేసే నాథుడు లేడు. టెక్నీషియన్లు టీలు తాగుతూ కూర్చున్నారు.

మా ముదీర్, అంటే యజమాని, సౌదీ పెద్దాయన. ఆయన చెవిలో ఎవరేం ఊదారో గానీ ఒకరోజు మా ఇద్దరినీ పిలిచి, పోటీ కంపెనీ డబ్బు తిని నేనే ఆ ప్రకటనలు నొక్కుతున్నానన్నాడు. "వారం చూస్తాను. ఆ తర్వాత వీసా కొట్టేసి ఫైనల్ ఎగ్జిట్" అనేశాడు. ఉద్యోగం పోతే పోయింది, దొంగ అనిపించుకుని ఇంటికెళ్ళాలా? రజియా అక్క ఒక్క మాట అడ్డు వేస్తుందేమోనని చూశాను. ఆవిడ చెయ్యి చాపింది.

"నీ పాస్‌వర్డ్ చెప్పు. ఫోన్ గూడా ఈడ పెట్టు."

"అక్కా, నువ్వు కూడానా?"

"గమ్మునుండు. రేపట్నుంచి ముందు బల్ల కాడ కూచోని ఆఫీసు ఫోనెత్తు. కంప్యూటర్ ముట్టొద్దు."

ఆ బల్ల ముదీర్ అద్దాల గదికి సరిగ్గా ఎదురుగా ఉండేది. రోజూ పొద్దున అక్క అందరూ చూస్తుండగా నా మొబైల్ తీసుకుని ఆయన సొరుగులో పెట్టించేది. మోగని ఫోన్ ముందు దిష్టిబొమ్మలా కూర్చునేదాన్ని. మనసులో ఆవిడని తిట్టని తిట్టు లేదు.

వారం ముగిసే రోజున ఆవిడ లాప్‌టాప్ తీసుకుని ముదీర్ గదిలోకి వెళ్ళింది. తలుపు తెరిచే ఉంది. ఇద్దరూ అరబీలో మాట్లాడుకుంటున్నారు, నాకు అంతా అర్థమవుతూనే ఉంది.

"ఏసీ రిపేర్ అని వెతికేవాళ్ళకి ఈ వారం మన పేరుతో ఇంకో ప్రకటన కూడా చూపిస్తున్నాను. చదవండి."

"రూమ్ హీటర్లు బాగుచేస్తామా?" ముదీర్ గొంతు పెరిగింది. "జెద్దాలో? ఆగస్టులో? దీన్ని పిచ్చివాడు కూడా నొక్కడు!"

"మరి ఇటు చూడండి. ఇప్పుడే నొక్కుతున్నారు. మళ్ళీ మళ్ళీ అవే కనెక్షన్ల నుంచి. వాటిలో మన ఆఫీసుది గానీ, వాణి ఇంటిది గానీ ఒక్కటీ లేదు. మన పేరు కనబడితే చాలు, చదవకుండా నొక్కే ప్రోగ్రామ్ ఎవరో పెట్టారు. వాణి ఎక్కడుంది? మీ కళ్ళెదురుగా. ఆమె ఫోన్? మీ సొరుగులో. ఈ ప్రకటన ఉందని కూడా ఆమెకి తెలియదు."

ముదీర్ తెర వైపు చూశాడు, నా వైపు చూశాడు, "హీటర్!" అని పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వు ఆగాక తనే లేచొచ్చి నా ఫోన్ నా చేతిలో పెట్టాడు. "మాలిష్, బింతీ" అన్నాడు. తప్పైపోయింది తల్లీ అని. అబ్బ, నా గుండెల మీంచి బండ దిగిపోయింది!

ఆ కనెక్షన్లకి మా ప్రకటన కనబడకుండా ఆపించాం. ఆ రుజువులే ప్రకటనలు వేసే కంపెనీకి పంపి ఫిర్యాదు చేస్తే, దొంగ నొక్కుళ్ళకి పోయిన డబ్బు ఖాతాలో తిరిగి పడింది. మర్నాడు మధ్యాహ్నం దాటినా మా ప్రకటన దర్జాగా పైనే ఉంది. ఫోన్ ఊపిరి సలపనివ్వలేదు. ఒక్కో పిలుపుకీ నా గొంతు ఊరంతా వినబడేలా పలికింది. టెక్నీషియన్లు పరుగులు పెడుతూ కూడా ఈలలు వేశారు.

కాస్త సందు దొరికాక అక్కని నిలదీశాను. "ఒక్క ముక్క ముందే చెప్పకూడదూ? వారం రోజులు చచ్చి బతికాను!"

"చెప్పింటే ధీమాగా కూచునేదానివి, ఇద్దరం కలిసి ఆడే నాటకమని ఆయన పట్టేసేటోడు. నువ్వు మంచిదానివని నేను చెప్తే మాత్రం యాల నమ్ముతాడు? ఇద్దరిదీ తెలుగే గదా అనుకుంటాడు. అందుకే ఆయన కండ్లనే సాక్ష్యం పెట్టినా."

నేను ఆవిడ భుజం మీద పడి భోరుమన్నాను. వీపు మీద గట్టిగా ఒకటి చరిచి, "ఏడ్చింది చాల్లే, ఫోన్ మోగుతాంది, ఎత్తుపో" అంది.

ఇప్పుడు నా కింద కూడా మనుషులున్నారు. వాళ్ళలో ఎవరి మీదైనా నింద పడితే నేను ముందుగా అడిగేది పాస్‌వర్డే. "మీరు కూడానా మేడమ్?" అంటూ కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు. అయినా అసలు సంగతి చెప్పను, ఫోన్ కూడా అడిగి తీసుకుంటాను. వాళ్ళు నిర్దోషులని అందరికీ తెలిసేదాకా, నన్ను తిట్టుకుంటే తిట్టుకోనీ.